లేసరు వైద్యము: చర్మమూ, పన్నూ నేర్పిన పాఠము

చిన్ననాడు భూతద్దముతో ఆడుకోనివారు అరుదు. ఎండలో కూర్చొని, అద్దము కింద కాగితము పెట్టి, సూర్యకాంతిని ఒక్క చుక్కగా కూడగట్టి పొగ పుట్టించడము ఆ వయసులో ఒక గొప్ప విజయము. ఆ ఆటలోనే మరొక సంగతి కూడా మనలో చాలామంది గమనించి ఉంటారు. చుక్కను తెల్లని చోట నిలిపితే పొగ రావడానికి చాలసేపు పడుతుంది. అదే చుక్కను అచ్చుపడిన నల్లని అక్షరము మీదికి జరిపితే వెంటనే పొగ లేస్తుంది. ఎండ ఒక్కటే, అద్దము ఒక్కటే, కాగితమూ ఒక్కటే. మరి ఈ తేడా ఎక్కడిది? తెలుపు వెలుతురును తిప్పికొట్టినది. నలుపు దానిని మింగినది. మింగిన వెలుతురు వేడిగా మారినది. కాల్చినది ఆ వేడి.

పిల్లలాటలో కనిపించే ఈ చిన్న విషయమే లేసరు వైద్యానికి పునాది. కాని దానిని చికిత్సలో సరిగా వాడుకోవడానికి వైద్యులకు పాతికేళ్ళు పట్టినది. ఆ కాలంలో కొందరు రోగుల ముఖాల మీద మచ్చలు మిగిలినవి; పంటిని వెలుతురుతో తొలచవచ్చునన్న ఆశ ఒకసారి పుట్టి అణగినది. ఆ కథ తెలుసుకొంటే, నేడు పట్టణాలలో వీధి వీధినా వెలసిన లేసరు చికిత్సాలయాలలోకి అడుగు పెట్టే ముందు మనము ఏమి అడగవలెనో కూడా తెలుస్తుంది.

వెలుతురుతో వైద్యము

వెలుతురును మందుగా వాడడము కొత్త విషయము కాదు. మన ఆయుర్వేద వైద్యులు బొల్లి మచ్చలకు బావంచాల గింజలు నూరి పూసి, రోగిని ఎండలో కూర్చోబెట్టేవారు. ఆ గింజలలో ఉన్న సోరలెను అనే పదార్థము అతినీలలోహిత కిరణాలను మింగి చర్మంలో మార్పు తెస్తుందని ఆధునిక రసాయనశాస్త్రము తరువాత తేల్చినది. ఎండ ఒక్కటే చాలదు, గింజ ఒక్కటే చాలదు. మింగే పదార్థమూ, మింగదగిన కిరణమూ కలిసినప్పుడే పని జరుగుతుంది.

యూరపులో ఈ మార్గాన్ని శాస్త్రబద్ధము చేసినవాడు డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. చర్మానికి సోకే ఒక రకము క్షయవ్యాధి రోగుల ముఖాలను తినివేస్తూ ఉండేది. ఫిన్సెన్ కార్బను ఆర్కు దీపపు కాంతిని స్ఫటికపు కటకములతో కూడగట్టి, నీటితో దానిలోని వేడిని తగ్గించి, ఆ పుండ్ల మీద ప్రసరింపజేసినాడు. ఈ కృషికి 1903లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. అయితే ఆయన దీపము అన్ని దిక్కులకూ వెదజల్లే సామాన్యపు వెలుతురే. దానిని ఎంత కూడగట్టినా కొంతవరకే సాధ్యము. ఒకే రంగు గల, ఒకే దిక్కున సాగే వెలుతురు కావలెనంటే మరి 57 ఏళ్ళు ఆగవలసి వచ్చినది.

కెంపు నుంచి వచ్చిన కిరణము

లేసరుకు మూలసూత్రాన్ని 1917లో ఐన్‌స్టీన్ చెప్పినాడు. శక్తిని పుంజుకొని ఉన్న పరమాణువును, దానికి తగిన కాంతికణము ఒకటి తాకితే, ఆ పరమాణువు అచ్చు అటువంటి కాంతికణాన్నే మరొకదానిని వెలువరిస్తుంది. రెండూ ఒకే రంగు, ఒకే దిక్కు, ఒకే అడుగు. ఆ రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. సామాన్య దీపపు వెలుతురు సంతలో జనము వంటిది: తలా ఒక దారి. లేసరు వెలుతురు కవాతు చేసే సైన్యము వంటిది.

1958లో టౌన్స్, షాలో అనే అమెరికను శాస్త్రజ్ఞులు ఇటువంటి వెలుతురును పుట్టించడము ఎట్లాగో లెక్కకట్టి ప్రకటించినారు. ఎన్నో పెద్ద ప్రయోగశాలలు పోటీపడినవి. చివరకు 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనాలయంలో థియొడోర్ మైమన్ గెలిచినాడు. ఆయన పరికరము చేతిలో ఇమిడేటంత చిన్నది. చివరలకు వెండిపూత పూసిన చిన్న కెంపు కడ్డీ, దాని చుట్టూ చుట్టుకొన్న ఒక మెరుపు దీపము, అంతే. దీపము మెరిసినప్పుడు కెంపు నుంచి 694 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎర్రని కిరణము వెలువడినది. నానోమీటరు అంటే మీటరులో 100 కోట్లవ వంతు. మన కంటికి కనిపించే వెలుతురు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది.

పత్రికలు దీనిని మృత్యుకిరణమని వర్ణించినవి. శాస్త్రజ్ఞులేమో దీనిని దేనికి వాడాలో తెలియక, సమస్యను వెదుక్కొంటున్న పరిష్కారమని హాస్యమాడుకొన్నారు. తొలి సమస్య వైద్యంలోనే దొరికినది. 1961 డిసెంబరులో న్యూయార్కులో కాంప్‌బెల్, కోయెస్టర్ అనేవారు ఒక రోగి కంటి లోపలి నేత్రపటలము మీద ఉన్న కంతిని కెంపు లేసరుతో కాల్చివేసినారు. కన్ను పారదర్శకము గనుక కిరణము దారిలో దేనినీ చెడగొట్టక నేరుగా లోపలి పొరను చేరినది. అయితే చర్మమూ, పన్నూ కన్ను వలె పారదర్శకము కావు. కష్టమంతా అక్కడనే మొదలైనది.

సిన్సినాటి వైద్యుడు

మైమన్ కిరణాన్ని చర్మము మీద పరీక్షించడానికి పూనుకొన్నవాడు లియాన్ గోల్డ్‌మన్. ఆయన అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల ఆచార్యుడు. వైద్యానికి ప్రత్యేకించిన లేసరు ప్రయోగశాలను 1961లో అక్కడ నెలకొల్పినాడు. ఈ కొత్త కిరణము చర్మానికి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు ముందు, కీడు ఎంత చేస్తుందన్నదే ఆయన వేసుకొన్న మొదటి ప్రశ్న.

1963లో ఆయన బృందము ప్రకటించిన ఫలితాలలో భూతద్దపు ఆట మళ్ళీ కనిపిస్తుంది. అదే కెంపు కిరణము నల్లని చోట తీవ్రముగా పనిచేసినది. తెల్లని చోట దాని ప్రభావము స్వల్పము. చర్మానికి రంగునిచ్చే మెలనిను ఎర్రని వెలుతురును మింగుతుంది గనుక నల్లని వెంట్రుకలూ, నల్లని పుట్టుమచ్చలూ ఆ కిరణానికి లక్ష్యములైనవి. ఆ దశకంలోనే గోల్డ్‌మన్ పచ్చబొట్ల మీద కూడా ప్రయోగములు చేసినాడు. సిరా ఉన్నచోట కిరణము పనిచేసి, సిరా లేని పక్క చర్మాన్ని చాలవరకు విడిచిపెట్టినది.

రంగును బట్టి కిరణము తన లక్ష్యాన్ని ఏరుకొంటుందన్న మాట ఈ విధముగా తొలినాడే తెలిసినది. కాని ఆ ఏరుకోవడము సంపూర్ణము కాదు. మచ్చలో పుట్టిన వేడి మచ్చలోనే ఉండిపోదు, చుట్టూ పాకుతుంది. ఆ పాకేదానిని ఆపడము ఎట్లాగో అప్పటికి ఎవరికీ తెలియదు.

పంటి ముందు ఓటమి

ఇదే కాలంలో దంతవైద్యులకు ఒక ఆశ కలిగినది. పిప్పిపన్నును తొలిచే మరయంత్రపు చప్పుడూ, అదురూ, నొప్పీ అనుభవించినవారికి ఆ ఆశ ఎందుకు కలిగినదో వేరే చెప్పనక్కరలేదు. చప్పుడు లేకుండా, ముట్టుకోకుండా, వెలుతురుతో పంటిని తొలచగలిగితే ఎంత బాగుండును!

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలీస్ శాఖలో స్టెర్న్, సోగ్నేస్ అనే ఇద్దరు పరిశోధకులు ఊడదీసిన పళ్ళ మీద కెంపు లేసరును ప్రయోగించి, 1964లో ఫలితాలు ప్రకటించినారు. పంటి పైనున్న పింగాణి పొర కరిగి, గాజు వలె గడ్డకట్టినది. దాని కిందనున్న డెంటిను మాడి గుంటపడినది. మానవ శరీరంలో అన్నిటికంటె గట్టి పదార్థమైన పింగాణిని వెలుతురు కరిగించగలదని రుజువైనది. 1965లో గోల్డ్‌మన్ తన సోదరుడు బెర్నార్డ్ గోల్డ్‌మన్ పంటి మీద కెంపు కిరణాన్ని రెండుసార్లు ప్రయోగించినాడు. సజీవమైన మనిషి పంటిపై లేసరు ప్రయోగము అదే మొదటిదని చెబుతారు. బెర్నార్డ్ స్వయముగా దంతవైద్యుడే. ఆయనకు నొప్పి తెలియలేదు. పంటి పైభాగము మాత్రము కొద్దిగా చెడినది.

అయినా ఆశ నిలువలేదు. కారణము పంటి నడుమ ఉన్న గుజ్జు. పంటినరము అని మనము వాడుకగా అనేది దానినే. రక్తనాళములూ, నరములూ గల ఈ మెత్తని పదార్థము గట్టి గోడల మధ్య చిక్కుకొని ఉన్నది. వేడి తగిలితే వాచడానికి దానికి చోటు లేదు. 1965లో జాక్, కోహెన్ అనేవారు కోతుల పళ్ళ మీద ప్రయోగములు చేసి, గుజ్జు ఉష్ణోగ్రత 5.5 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగితే నూటికి 15 పళ్ళలో గుజ్జు తిరిగి కోలుకోలేదని చూపినారు. పింగాణిని కరిగించడానికి వందల డిగ్రీల వేడి కావలెను. గుజ్జు ఓర్చగలిగినది నాలుగైదు డిగ్రీలు మాత్రమే!

ఎందుకిట్లా జరిగినది? పింగాణి తెల్లనిది, కొంత పారదర్శకమైనది. కెంపు కిరణాన్ని మింగే పదార్థమేదీ దానిలో లేదు. అందుచేత కిరణము పైన ఆగక లోపలికి చొచ్చుకొనిపోయి, డెంటినునూ గుజ్జునూ వేడిచేసినది. తాళము ఒకటి, తాళపుచెవి మరొకటి.

కొత్త కిరణములు, కొత్త గాయములు

1964వ సంవత్సరము లేసరు చరిత్రలో పంటపండిన ఏడు. ఆ ఏడాదే మూడు కొత్త లేసరులు వెలువడినవి. ఒకటి నీలి, ఆకుపచ్చ కాంతినిచ్చే ఆర్గాను లేసరు. రెండవది 1064 నానోమీటర్ల వద్ద కంటికి కనిపించని పరారుణ కాంతినిచ్చే నియోడిమియం యాగ్ స్ఫటికపు లేసరు. మూడవది కార్బను డయాక్సైడు లేసరు. దీనిని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవాడు మన దేశస్థుడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళిన కుమార్ పటేల్. ఆయన లేసరు తరంగదైర్ఘ్యము 10,600 నానోమీటర్లు. ఆ కిరణాన్ని నీరు ఆబగా మింగుతుంది. మన మెత్తని కండరములూ, చర్మమూ ఎక్కువ భాగము నీరే గనుక ఈ కిరణము తగిలినచోట నీరు ఆవిరై, కండ తెగుతుంది. తెగిన చిన్న రక్తనాళములు వేడికి మూసుకొనిపోతాయి. రక్తము తక్కువగా కారే కత్తి ఒకటి శస్త్రవైద్యుల చేతికి వచ్చినదన్నమాట.

ఆర్గాను లేసరుది మరొక కథ. కొందరు శిశువులు పుట్టుకతోనే ముఖము మీద ఎర్రని మచ్చతో పుడతారు. అది చర్మంలోని సన్నని రక్తనాళములు వెడల్పై ఏర్పడే మచ్చ. పసితనంలో గులాబిరంగులో ఉండి, వయసుతో చిక్కనై, ఊదారంగుకు తిరిగి, ఒక్కొక్కప్పుడు ఉబ్బుతుంది. అద్దంలో చూసుకొన్నప్పుడల్లా, బడిలో తోటిపిల్లలు చూసినప్పుడల్లా బిడ్డ మనసుకు అది ఒక గాయము. రక్తంలోని హీమోగ్లోబిను ఆర్గాను కిరణాన్ని మింగుతుంది గనుక 1970 తరువాత వైద్యులు ఈ మచ్చలకు ఆ లేసరును వాడసాగినారు. మచ్చ పాలిపోయినది, నిజమే. కాని చాలామందికి, ముఖ్యముగా పిల్లలకు, ఎర్రమచ్చ పోయినచోట గట్టిపడిన కాలినమచ్చ మిగిలినది. ఎవరి కోసము ఈ చికిత్స ఎక్కువ అవసరమో వారికే అది ఎక్కువ కీడు చేసినది.

రంగు సరిపోయినది. లక్ష్యమూ సరియైనదే. మరి లోపము ఎక్కడ?

మెతుకూ, ముద్దా

ఈ చిక్కుముడిని విప్పినవారు బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. వీరిలో పారిష్ అంతకు ముందే, 1974లో, సోరలెను జాతి మందునూ అతినీలలోహిత కిరణాలనూ కలిపి సోరియాసిస్ అనే చర్మవ్యాధికి చికిత్సను ప్రవేశపెట్టినవారిలో ఒకడు. మన బావంచాల గింజల సూత్రమే అది. మింగే పదార్థానికి తగిన కిరణము అన్న భావన ఆయనకు కొత్తది కాదు. 1983లో సైన్సు పత్రికలో ప్రచురించిన వ్యాసంలో వీరిద్దరూ ఆ భావనకు రెండవ సగాన్ని చేర్చినారు. ఆ సగము పేరు కాలము.

విస్తరిలో వేడి అన్నము వడ్డించినప్పుడు విడిపడిన ఒక్క మెతుకు ఇట్టే చల్లారుతుంది. ముద్ద నడిమి భాగము చాలసేపు చెయ్యి కాలేటట్లుగానే ఉంటుంది. వస్తువు ఎంత చిన్నదైతే అంత త్వరగా తన వేడిని చుట్టుపక్కలకు వదులుకొంటుంది. ఒకే ఆకృతి గల వస్తువు అడ్డుకొలత రెండింతలైతే చల్లారే కాలము నాలుగింతలవుతుంది. ఒక మైక్రాను అంటే మీటరులో పది లక్షలవ వంతు. 100 మైక్రానుల వెడల్పు గల రక్తనాళము చల్లారడానికి సుమారు సెకనులో వెయ్యింట 5 వంతులు పడుతుంది; 50 మైక్రానుల నాళానికి వెయ్యింట ఒక వంతు చాలును. చర్మకణములలో మెలనిను నిలువ ఉండే రేణువు ఒక మైక్రాను పాటిది. అది సెకనులో పది లక్షలవ వంతు కాలంలోనే చల్లారుతుంది.

ఇప్పుడు ఆర్గాను లేసరు చేసిన తప్పు తెలుస్తుంది. దాని కిరణము ఒక్కొక్కచోట సెకనులో పదోవంతు వంటి కాలము నిలిచేది. మనకు అది రెప్పపాటు. రక్తనాళానికి అది యుగము. నాళంలో పుట్టిన వేడి అంతసేపూ చుట్టుపక్కల చర్మంలోకి పాకుతూనే ఉన్నది. చర్మము ఉడికినది, మచ్చకట్టినది.

ఆండర్సన్, పారిష్‌ల సూత్రము మూడు మాటలలో చెప్పవచ్చును. ఒకటి: లక్ష్యము మింగే రంగును ఏరుకో. రెండు: లక్ష్యము చల్లారే కాలము కంటె తక్కువ కాలంలో పని ముగించు. మూడు: ఆ కాలంలోనే పని పూర్తి కావడానికి చాలినంత శక్తిని ఇవ్వు. అప్పుడు వేడి పుట్టినచోటనే పనిచేసి, పొరుగును తాకక ముందే చల్లారిపోతుంది. భూతద్దపు ఆటలో పిల్లవాడికి తెలిసినది మొదటి సూత్రము మాత్రమే.

ఈ సూత్రాన్ని అనుసరించి రంగుద్రవపు లేసరును రూపొందించినారు. దాని కిరణము మొదట 577, తరువాత మరికొంత లోతుకు పోవడానికి 585 నానోమీటర్లు. ఒక్కొక్క మెరుపు నిలిచే కాలము సెకనులో వెయ్యోవంతులో సగము కూడా లేదు. 1989లో టాన్, షెర్‌వుడ్, గిల్‌క్రెస్ట్ అనే వైద్యులు ఎర్రమచ్చలు గల 35 మంది పిల్లలకు ఈ లేసరుతో చేసిన చికిత్స ఫలితాలను ప్రకటించినారు. ఆర్గాను లేసరు పిల్లల ముఖాల మీద మిగిల్చినటువంటి గాయపు మచ్చలు దాదాపు లేకుండానే ఎర్రమచ్చలు పాలిపోయినవి. కొత్త కిరణమేదో దొరికినందున కాదు. వెలుతురును ఎంతసేపు నిలుపవలెనో తెలిసినందున ఇది సాధ్యమైనది.

పచ్చబొట్ల విషయమూ ఇంతే. సిరా రేణువులు అతి సూక్ష్మమైనవి గనుక మెరుపు మరింత పొట్టిదై ఉండవలెను. 1983లోనే స్కాట్లండులో రీడ్ అనే శస్త్రవైద్యుడు సెకనులో కోట్లవ వంతు కాలము మెరిసే కెంపు లేసరుతో నల్ల పచ్చబొట్లను పోగొట్టిన వృత్తాంతాన్ని ప్రకటించినాడు. ఆ దెబ్బకు రేణువులు ముక్కలవుతాయి. ఆ ముక్కలను శరీరంలోని భక్షకకణములు క్రమముగా తరలించివేస్తాయి. వెంట్రుక కుదురు ఇందుకు భిన్నముగా పెద్దది. దానికి పొడుగైన మెరుపు కావలెను. 1996లో ఆండర్సన్ బృందము కెంపు లేసరుతో అవాంఛిత రోమాలను తొలగించే విధానాన్ని ప్రకటించినది.

పన్నుకు తాళపుచెవి

చర్మము నేర్పిన పాఠము పంటికి కూడా వర్తించినది. పంటిలో మింగే పదార్థమేది? కెంపు కిరణానికి ఏదీ లేదు. నియోడిమియం కిరణానికీ లేదు. అందుకే కొందరు పరిశోధకులు పంటికి నల్లసిరా పూసి, ఆ సిరా చేత కిరణాన్ని మింగించి చూసినారు! 1990లో అమెరికాలో దంతవైద్యానికి వచ్చిన నియోడిమియం లేసరు ముఖ్యముగా చిగుళ్ళ చికిత్సకే పనికివచ్చినది.

సమాధానము పంటిలోనే దాగి ఉన్నది. పింగాణి బరువులో నూటికి 95 పాళ్ళకు పైగా ఖనిజ పదార్థమే అయినా, దానిలో కొద్దిపాటి నీరు కూడా ఉంటుంది. డెంటినులో నూటికి సుమారు 10 పాళ్ళు నీరు. పిప్పిపట్టిన భాగంలో అంతకంటె ఎక్కువ. నీరు అన్నిటికంటె ఎక్కువగా మింగే పరారుణ కిరణము సుమారు 2940 నానోమీటర్లది. ఎర్బియం అనే అరుదైన లోహాన్ని యాగ్ స్ఫటికంలో కలిపితే వచ్చే లేసరు సరిగా ఆ కిరణాన్నే ఇస్తుంది. 1989లో జర్మనీలోని ఉల్మ్ నగరానికి చెందిన హిబ్‌స్ట్, కెల్లర్ అనేవారు ఈ లేసరుతో పింగాణినీ డెంటినునూ తొలచవచ్చునని చూపినారు.

ఇది జరిగే తీరు మనకు పరిచితమైనదే. వేడి మంగలములో జొన్నలు పోస్తే పేలాలవుతాయి. గింజలోని తడి ఆవిరై, బయటికి దారిలేక, పెంకును పగలగొట్టుకొని వస్తుంది. ఎర్బియం కిరణము పంటిలోని నీటిని క్షణమాత్రంలో ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి ఒత్తిడికి ఖనిజము సూక్ష్మమైన రజనుగా పేలిపోతుంది. పన్ను కరగదు, మాడదు. కిరణము పైపొరలోనే ఆగిపోతుంది గనుకా, పనిచేస్తున్నంతసేపూ నీటి తుంపర చల్లుతారు గనుకా గుజ్జుకు వేడి అంతగా చేరదు. పిప్పిలో నీరు ఎక్కువ గనుక గట్టి పంటికంటె పిప్పే త్వరగా తొలుగుతుంది. 1997లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ ఈ లేసరును పంటి గట్టి భాగములపై వాడడానికి అనుమతించినది. స్టెర్న్, సోగ్నేస్‌ల ప్రకటన నుంచి అక్కడికి 33 ఏళ్ళు!

అయితే దీనితో మరయంత్రము మూలపడినదని అనుకోరాదు. లేసరు దానికంటె నెమ్మదిగా పనిచేస్తుంది, ఖరీదైనది, పాత పాదరసపు పూరకమును దీనితో తీయరాదు, పంటికి తొడుగు వేయడానికి చెక్కే పని నేటికీ మరయంత్రానిదే. నొప్పి అనేకులకు తక్కువే గాని, అందరికీ అసలు లేకుండా పోదు.

మన చర్మము మాట

ఇక మనకు ముఖ్యమైన సంగతికి వద్దాము. ఈ ప్రయోగములు చాలవరకు తెల్లజాతివారి చర్మము మీద జరిగినవి. 1975లో అమెరికను ఆచార్యుడు ఫిట్జ్‌పాట్రిక్ ఎండకు చర్మము స్పందించే తీరును బట్టి చేసిన వర్గీకరణము కూడా మొదట తెల్లని చర్మానికే ఉద్దేశించినది. గోధుమ, నలుపు వన్నెల చర్మాన్ని చేర్చి తరువాత దానిని 6 తరగతులకు పెంచినారు. భారతీయులలో చాలామంది 4, 5 తరగతులకు చెందుతారు.

మన చర్మపు పైపొరలో మెలనిను సమృద్ధిగా ఉన్నది. అది మన ఆస్తి. సూర్యుని అతినీలలోహిత కిరణాల నుంచి మనలను కాపాడే సహజమైన గొడుగు. కాని ఆ గొడుగు లేసరు కిరణానికీ అడ్డుపడుతుంది. వెంట్రుక కుదురుకో, రక్తనాళానికో పంపిన కిరణాన్ని దారిలోనే పైపొర మింగి, తాను కాలుతుంది. బొబ్బలు, నల్లమచ్చలు, ఒక్కొక్కప్పుడు తెల్లమచ్చలు వస్తాయి. తెల్లని చర్మానికి క్షేమమైన కిరణము చామనఛాయ చర్మానికి క్షేమము కాకపోవచ్చును. భూతద్దము కింద తెల్లకాగితము, నల్ల అక్షరము మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

దీనికి ఉపాయము లేకపోలేదు. తరంగదైర్ఘ్యము పెరిగినకొద్దీ మెలనిను మింగేది తగ్గుతుంది. అందుచేత కెంపు కిరణము కంటె 1064 నానోమీటర్ల నియోడిమియం కిరణము మన చర్మానికి క్షేమకరము. రోమాలు తొలగించేటప్పుడు మెరుపును కొంత పొడిగిస్తే పైపొరలోని చిన్న రేణువులు మధ్యలోనే తమ వేడిని వదులుకొంటాయి. పెద్దదైన కుదురు మాత్రము వేడెక్కుతుంది. మెతుకూ ముద్దా ఉపమానము ఇక్కడ మనకు అనుకూలముగా పనిచేస్తున్నది. చికిత్స సమయంలో చర్మాన్ని చల్లబరచే ఏర్పాటు ఈ క్షేమాన్ని మరింత పెంచుతుంది.

కనుక లేసరు చికిత్సకు వెళ్ళేవారు ధర అడగడానికి ముందు కొన్ని ప్రశ్నలు అడగడము మంచిది. చేసేది చర్మవ్యాధులలో శిక్షణ పొందిన వైద్యుడేనా? వాడేది ఏ కిరణము, అది నా వన్నెకు తగినదేనా? మొదట చిన్నచోట పరీక్షించి, కొన్ని రోజులు ఆగి చూస్తారా? కళ్ళకు ఆ కిరణానికి తగిన అద్దాలు ఇస్తారా? ఇటీవల ఎండకు నల్లబడిన చర్మము మీద చికిత్స చేయించుకోరాదు. అన్నిటికీ మించి, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న పుట్టుమచ్చను పరీక్ష లేకుండా లేసరుతో తీయించుకోరాదు. అది కేన్సరు అయితే పై గుర్తు చెరిగిపోయి, లోపలి వ్యాధి మిగిలిపోయే ప్రమాదమున్నది.

1960లో మృత్యుకిరణమని పేరుపడినది నేడు పసిబిడ్డ ముఖము మీది మచ్చను చెరుపుతున్నది, పిప్పిపన్నును తొలుస్తున్నది. ఈ మార్పు తెచ్చినది కిరణాన్ని మరింత బలపరచడము కాదు. పంటిలోని నీటినీ, నాళంలోని రక్తాన్నీ, చర్మంలోని రంగునూ శ్రద్ధగా తెలుసుకొని, దానికి తగిన కిరణాన్ని, తగినంతసేపే వాడడము. రోగి శరీరము ఏమి చెబుతున్నదో విన్న తరువాతనే మందు ఇవ్వవలెనన్నది వైద్యంలో పాతమాట. వెలుతురు విషయంలో కూడా అది మారలేదు.